ముందు బెల్టు కొనండి

డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల విందుల్లో, బిర్యానీ అయిపోయి పాన్ దగ్గరికి వచ్చేసరికి ఈమధ్య ఒక ప్రశ్న వినిపిస్తోంది. "గ్రీన్ కార్డు వచ్చేసింది అన్నా, తుపాకీ లైసెన్సు తీసుకుందామనుకుంటున్నా. జేబులో పట్టే చిన్నది ఏదైనా చెప్పు." ఆ వెనకే ఇంకొకటి: "మా ఆవిడకైతే మరీ చిన్నది కావాలి, చేతులు సన్నగా ఉంటాయి కదా."

అడిగేవాళ్లలో చాలామందికి నిజమైన అవసరమే ఉంటుంది. రాత్రి పదకొండుకి గ్యాస్ స్టేషన్ మూసి, నగదు సంచితో ఒంటరిగా కారు దాకా నడవాల్సిన మనిషిని "నీకెందుకయ్యా ఇది?" అని అడగడం తేలిక. నా పేచీ అవసరంతో కాదు, ఆ "చిన్నది" అన్న మాటతో. దాచుకోవాలి కాబట్టి చిన్నది కావాలని, కొత్తవాళ్లం కాబట్టి చిన్నదైతే తేలికని, ఈ రెండు ఊహలూ కలిసి మనిషిని నేరుగా అద్దాల బీరువాలో అన్నిటికంటే బుల్లి పిస్టల్ దగ్గరికి తీసుకెళ్తాయి. రెండూ తప్పే. మొదటిది సగం తప్పు, రెండోది పూర్తిగా.

వీసా సంగతి

దీన్ని దాటకుండా మిగతాది చదవడం అనవసరం. హెచ్1బి, హెచ్4, ఎల్1, ఎఫ్1, అమ్మానాన్నలు వచ్చే సందర్శక వీసా, ఇవన్నీ ఫెడరల్ చట్టం దృష్టిలో వలసేతర వీసాలే. ఆ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అది లేకుండా రేంజిలో, అంటే డబ్బులిచ్చి కాల్పులు సాధన చేసే చోట, అద్దె తుపాకీ పట్టుకుని పేల్చినా "దగ్గర ఉంచుకోవడం" కిందికే వస్తుంది. గ్రీన్ కార్డున్న స్నేహితుడి పేరు మీద కొనిపించుకుంటే ఇద్దరూ మునుగుతారు. దుకాణంలో తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో, అవును-కాదు ప్రశ్నల్లో ముందు అడిగేదే "అసలు కొనుగోలుదారు మీరేనా" అని. అక్కడ అబద్ధం రాస్తే ఫెడరల్ నేరం.

ఇంకోటి చాలామందికి తట్టదు. ఆరు నెలలకి అమ్మానాన్నలు వచ్చి అదే ఇంట్లో ఉంటారు. తుపాకీ పెట్టిన సేఫ్ నంబరు వాళ్లకి చెప్పకూడదు. "ఎమర్జెన్సీకి ఉంటుందిలే నాన్నా" అని చెప్పడం ప్రేమే అయినా, చట్టం దాన్ని ప్రేమగా చూడదు.

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, అర్హత ఉన్న 21 ఏళ్లు దాటినవాళ్లు లైసెన్సు లేకుండానే చేతితుపాకీ వెంట తీసుకెళ్లొచ్చు. అయినా లైసెన్సు తీసుకోమనే చెబుతాను. ఫెడరల్ చట్టం ప్రకారం బడికి 1000 అడుగుల లోపల తుపాకీతో తిరగకూడదు, ఆ రాష్ట్రమే ఇచ్చిన లైసెన్సు ఉంటే తప్ప. మన సబ్‌డివిజన్లలో ఎలిమెంటరీ స్కూలుకి 1000 అడుగుల దూరం దాటకుండా పాల ప్యాకెట్ తెచ్చుకోవడం ఎంతమందికి కుదురుతుంది?

కూత ఘనమే

పిట్ట కొంచెం కూత ఘనం అన్నది చిన్న తుపాకీల విషయంలో అక్షరాలా నిజం. రూగర్ ఎల్‌సీపీ అనే జేబు పిస్టల్ బరువు 270 గ్రాములు, రెండు సెల్‌ఫోన్లంత కూడా ఉండదు. మధ్యరకం పిస్టల్ గ్లాక్ 19 ఖాళీ మ్యాగజైన్‌తో (పిడిలో దూర్చే తూటాల అరతో) 670 గ్రాములు. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే శక్తిని మింగేది తుపాకీ బరువే. బరువు లేకపోతే ఆ తన్ను చేతికి వస్తుంది. ఎల్‌సీపీలో వాడే .380 తూటా 9 ఎం.ఎం. కంటే బలహీనమైనదే అయినా, ఒక పెట్టె పేల్చేసరికి బొటనవేలి మొదట్లో చర్మం కందిపోతుంది. పిడి పొట్టిది కావడంతో చిటికెన వేలు గాల్లో వేలాడుతుంది, ఒక్కోసారి ఉంగరపు వేలికీ సగమే చోటు. పట్టు మూడో వంతు తగ్గి తన్ను పెరిగితే, రెండో తూటా ఎక్కడికి పోతుందో పేల్చినవాడికే తెలియదు.

తర్వాత గురి. ముందు గురిముల్లుకీ వెనక గాడికీ మధ్య దూరం ఎంత తక్కువైతే పొరపాటు అంత పెద్దదవుతుంది. ఆ దూరం 100 మి.మీ. అనుకుందాం. ముల్లు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే ఏడు మీటర్ల అవతల తూటా ఏడు సెంటీమీటర్లు తప్పుతుంది. గ్లాక్ 19లో ఆ దూరం 150 మి.మీ. పైనే, కాబట్టి అదే మిల్లీమీటరు తప్పుకి పోయేది నాలుగున్నర సెంటీమీటర్లు. ఎవరి చెయ్యీ మిల్లీమీటరు లెక్కన నిలబడదు, భయపడిన చెయ్యి అసలే నిలబడదు. బుల్లి తుపాకీల మీద గురిముల్లు పేరుకే ఉంటుంది, పెద్దగా కనపడదు కూడా.

స్లైడ్ అంటే తూటా లోపలికి ఎక్కించడానికి వెనక్కి లాగి వదిలే పిస్టల్ పైభాగం. దాన్ని లాగడం గురించి చాలామంది తలకిందులుగా అనుకుంటారు. చిన్న పిస్టల్‌కి స్లైడ్ తేలికగా ఉంటుంది. తేలికైన స్లైడ్ వెనక్కి దూసుకుపోకుండా ఆపాలంటే స్ప్రింగు గట్టిగా ఉండాలి. అందుకే "చేతులు సన్నగా ఉన్నాయి" అని కొన్న బుల్లి పిస్టల్ స్లైడ్ లాగలేక అవస్థ పడేవాళ్లు, పక్కన మధ్యరకం పిస్టల్ ఇస్తే సులువుగా లాగేస్తారు. లాగే పద్ధతి కూడా తేడా తెస్తుంది. రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టి వెనక్కి లాగకూడదు. ఎడమ అరచేత్తో స్లైడ్ వెనక భాగాన్ని గట్టిగా పట్టి, తుపాకీని ఛాతీకి దగ్గరగా ఉంచి, కుడి చేత్తో తుపాకీనే ముందుకి తొయ్యాలి. గొట్టం మొన మాత్రం ఎప్పుడూ లక్ష్యం వైపే. అలా కూడా రాకపోతే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజడ్ లాంటివి సరిగ్గా ఈ ఇబ్బంది కోసమే తయారుచేసినవి. అవి బుల్లివేం కావు, గమనించండి.

మణికట్టు వదులుగా పట్టినా పిస్టల్ మొరాయిస్తుంది. స్లైడ్ వెనక్కి పూర్తిగా పోవాలంటే కింది చట్రం కదలకుండా నిలబడాలి. మణికట్టు కూడా దానితోపాటు వెనక్కి పోతే స్లైడ్ సగంలో ఆగుతుంది, పేలిన తూటా ఖాళీ తొడుగు బయటపడలేక పొగగొట్టంలా నిటారుగా ఇరుక్కుంటుంది. విరుగుడు: మ్యాగజైన్ అడుగున అరచేత్తో ఒక్క చరుపు, స్లైడ్ వెనక్కి లాగి వదలడం. చిన్న తుపాకీల్లో ఈ ఇరుక్కోవడం ఎక్కువ. అవి చేతి పట్టు మీదే మరీ ఆధారపడతాయి, చేతికి పట్టు ఇచ్చేంత చోటు మాత్రం ఇవ్వవు.

"మేడమ్‌కి రివాల్వర్ చాలు"

ఆడవాళ్లు దుకాణంలో అడుగుపెడితే చాలాచోట్ల కౌంటర్ వెనక నుంచి వచ్చే మొదటి సలహా ఇదే. ఐదు తూటాల చిన్న రివాల్వర్, వీలైతే గులాబీ రంగు పిడి. స్లైడ్ లాగక్కర్లేదు, ఇరుక్కోవడం అరుదు, ట్రిగర్ నొక్కితే పేలుతుంది. ఇందులో అబద్ధం ఏమీ లేదు. ఊళ్లో పెద్దాయన దగ్గర .32 రివాల్వర్ చూసి పెరిగిన మనకి ఆ ఆకారమే నమ్మకంగా అనిపిస్తుంది కూడా. ఇండియాలో 9 ఎం.ఎం. మామూలు లైసెన్సుకి ఇవ్వని నిషిద్ధ బోరు (తూటా కొలత) కాబట్టి అక్కడ ఎక్కువగా .32నే కనిపిస్తుంది, ఇక్కడ ఆ పరిమితి లేదు.

అడ్డుపడేది ట్రిగర్. స్మిత్ అండ్ వెసన్ 642నే తీసుకుంటే బరువు సుమారు 410 గ్రాములు, దాని ట్రిగర్ నొక్కడానికి కావాల్సిన బలం ఇంచుమించు ఐదున్నర కిలోలు. వస్తువు బరువుకి పదమూడు రెట్ల బలంతో దాన్ని నొక్కుతూ, కదలకుండా పట్టుకోవాలి. వేలితోపాటు తుపాకీ మొత్తం పక్కకి తిరుగుతుంది. బాగా సాధన చేసినవాళ్లు ఈ రివాల్వర్‌తో అద్భుతంగా పేలుస్తారు, నిజమే. అందుకే అది అనుభవజ్ఞుల తుపాకీ. దాన్ని మొదటి తుపాకీగా అంటగట్టడం సైకిల్ నేర్చుకునేవాడికి సర్కస్‌వాళ్ల ఒంటి చక్రం ఇచ్చినట్టు.

దాచేది బెల్టు

ఇప్పుడు సగం తప్పు అన్న సంగతికి వస్తాను. చిన్నదైతే దాచడం తేలికే, కాదనను. కానీ బట్టల్లోంచి బయటికి పొడుచుకొచ్చేది బ్యారెల్ (గొట్టం) కాదు, పిడి. బ్యారెల్ నడుము లోపలికి, ప్యాంటులోకి పోతుంది. అది మరో అర అంగుళం పొడుగున్నా ఎవరికీ కనపడదు. నిజానికి బ్యారెల్ కొంచెం పొడుగుంటే అడుగుభాగం ఒంటికి ఆనుకుని పిడిని లోపలికి వంచుతుంది. ఎక్కడ తగ్గించాలంటే పిడి దగ్గర, అదీ ఒక వేలంత.

దాన్ని ఒంటికి నొక్కి ఉంచేది బెల్టు. మామూలు దుకాణంలో ఇరవై డాలర్లకి కొన్న తోలు బెల్టుకి హోల్‌స్టర్ (తుపాకీ ఒర) తగిలిస్తే, మధ్యాహ్నానికి బెల్టు మెలితిరిగి తుపాకీ బయటికి వాలుతుంది. అప్పుడు మనిషి చేసే పని చొక్కా కిందికి లాక్కోవడం, మోచేత్తో తడుముకోవడం. కనిపెట్టేవాడు వాలిన పిడిని చూడడు, ఈ తడుముడు చూస్తాడు. తుపాకీ కోసమే చేసిన ఒకటిన్నర అంగుళాల గట్టి బెల్టు యాభై అరవై డాలర్లకి వస్తుంది. దానితో 600 గ్రాముల పిస్టల్ నిలబడుతుంది, అది లేకుండా 300 గ్రాములదీ వేలాడుతుంది. ప్యాంటు నడుము కొలత ఒక అంగుళం, వీలైతే రెండు, ఎక్కువ తీసుకోవాలి.

హోల్‌స్టర్‌కి మూడు పరీక్షలు. కైడెక్స్ లాంటి గట్టి పదార్థంతో ట్రిగర్ చుట్టూ పూర్తిగా కప్పాలి. తుపాకీ తీసేశాక కూడా దాని నోరు మూసుకుపోకుండా తెరుచుకునే ఉండాలి. ఖాళీ తుపాకీ పెట్టి తలకిందులు చేసి ఊపితే జారిపోకూడదు. పాతబడిన మెత్తటి తోలు హోల్‌స్టర్ అంచు లోపలికి మడతపడి, తుపాకీ తోసేటప్పుడు అదే ట్రిగర్‌ని నొక్కుతుంది. చలికోటు తాడు చివరి ప్లాస్టిక్ గుండీ అయినా అంతే. తీసేటప్పుడు కంటే తిరిగి పెట్టేటప్పుడే కాళ్లకి తగిలించుకునేవాళ్లు ఎక్కువ. తిరిగి పెట్టడానికి తొందర ఏ సందర్భంలోనూ ఉండదు. చొక్కా పూర్తిగా పక్కకి లాగి, హోల్‌స్టర్ నోటిలోకి కళ్లతో చూస్తూ, నిదానంగా పెట్టాలి.

ఎక్కడ పెట్టుకోవాలన్నది ఒళ్లు చెప్పాలి. కుడిచేతి వాటం వాళ్లకి ముందు వైపు, బొడ్డుకి కాస్త కుడిగా పెడితే తీయడం వేగం, దాచడమూ బాగుంటుంది. కానీ ఇరవై ఏళ్లు కుర్చీలో కూర్చుని పెంచిన సాఫ్ట్‌వేర్ బొజ్జకి అది కారులో కూర్చోగానే గుచ్చుకుంటుంది. వాళ్లకి తుంటి వెనక, బొడ్డుని గడియారంలో పన్నెండు అనుకుంటే నాలుగు దగ్గర, నయం. అక్కడైతే వంగినప్పుడు చొక్కా ఎగదన్నుతుంది. కాబట్టి వంగేది నడుము దగ్గర కాదు, మోకాళ్ల దగ్గర.

చీరకీ సల్వార్‌కీ ఈ బెల్టు సలహా పనికిరాదు, ఒప్పుకుంటాను. నడుముకి చుట్టుకునే పట్టీలు ఉన్నాయి. వాటిలోనూ ట్రిగర్‌ని కప్పే గట్టి కైడెక్స్ చిప్ప ఉన్నదే తీసుకోవాలి, ఉత్త సాగే గుడ్డ కాదు. చీరలో తీయడం మాత్రం దాదాపు అసాధ్యం, ఆ రోజుకి ఇంట్లో సేఫ్‌లో పెట్టి వెళ్లడమే మంచిది. అప్పుడు చేతిసంచి గుర్తుకొస్తుంది. 2014 డిసెంబరు చివర్లో ఐడహోలోని ఒక దుకాణంలో, షాపింగ్ బండిలో కూర్చున్న రెండేళ్ల పిల్లాడు తల్లి చేతిసంచిలోని పిస్టల్ తీశాడు. అది పేలి ఆ తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఆ సంచి తుపాకీ కోసమే ప్రత్యేకమైన అర పెట్టి కుట్టినదే. సంచి ఒంటి మీద ఉండదు, బండిలో ఉంటుంది, కుర్చీకి వేలాడుతుంది, గుడిలో చెప్పుల పక్కన ఉంటుంది. అదే దానితో చిక్కు.

మరి ఏది?

మధ్యరకం. పేర్లు అడిగితే గ్లాక్ 19, గ్లాక్ 43ఎక్స్, సిగ్ పీ365 ఎక్స్ఎల్, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్, వీటి చుట్టూనే తిరగండి. 2018లో పీ365 వచ్చాక సన్నని పిస్టల్‌లో పది తూటాలు పట్టించొచ్చని తేలి బజారంతా మారింది. ఎక్స్ఎల్ దానికే కాస్త పొడుగు పిడి, పొడుగు బ్యారెల్ ఇచ్చిన రూపం. అన్ని వేళ్లకీ చోటుంటుంది. ఎడిసన్‌లో ఉండేవాళ్లయితే న్యూజెర్సీలో మ్యాగజైన్ పది తూటాలు దాటకూడదు, హాలో పాయింట్ తూటాల (తగిలాక మొన విచ్చుకునేవాటి) మీద విడిగా ఆంక్షలున్నాయి. టెక్సస్ లైసెన్సు అక్కడా, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లోనూ చెల్లదు.

కౌంటర్ దగ్గర చేతిలోకి తీసుకోగానే ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్‌లోకి, అంటే తూటా పేలే అరలోకి, చూడాలి, చిటికెన వేలు పెట్టి తడమాలి. ఈ వరస తిరగబడకూడదు. ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, లోపల ఒక తూటా ఎక్కి కూర్చుంటుంది, చేతిలో మ్యాగజైన్ ఉంది కాబట్టి తుపాకీ ఖాళీ అనుకుంటాం. ఖాళీ అని తేలాక పట్టు చూడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చీలిక పిడి పైఅంచు దాకా ఎక్కాలి, బ్యారెల్ ముంజేతి ఎముకకి సూటిగా ఉండాలి, ఆ స్థితిలో చూపుడువేలి మొదటి కణుపు ట్రిగర్ మీదికి రావాలి. వేలు అందడానికి చెయ్యి పక్కకి తిప్పాల్సి వస్తే ఆ పిడి మీ చేతికి లావు.

అసలు పరీక్ష రేంజిలో. రెండు మూడు అద్దెకు తీసుకోండి, వాటిలో ఆ బుల్లిది కూడా ఉండనివ్వండి. ఏడు గజాల దూరంలో పార్టీలో మిగిలిన కాగితం పళ్లెం అంటించి, ఐదు సెకన్లలో ఐదు తూటాలు. మొదటి మ్యాగజైన్‌ని నమ్మకండి, ఉత్సాహంతో అందరూ బాగానే కొడతారు. వంద తూటాల తర్వాత మళ్లీ అదే పళ్లెం. చెయ్యి అలిసి, కన్ను రెప్పలు కొడుతున్నప్పుడు ఐదూ పళ్లెంలో పడేది ఏదో అదే మీ తుపాకీ. టెక్సస్ లైసెన్సు పరీక్షలో 50 తూటాలు: మూడు గజాల నుంచి 20, ఏడు నుంచి 20, పదిహేను నుంచి 10. 250కి 175 వస్తే పాసు. ఆ పదిహేను గజాల పది తూటాలే బుల్లి పిస్టల్ సంగతి బయటపెట్టేస్తాయి.

ఏ కొలత తూటా మంచిదన్న వాదన ఎప్పుడో ముగిసింది. 1986 ఏప్రిల్‌లో మయామీ కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. నిందితుడికి తగిలిన 9 ఎం.ఎం. తూటా గుండెకి కాస్త ముందే ఆగిపోయింది. ఆ తర్వాతే, పరీక్షల్లో మనిషి ఒంటికి బదులు వాడే జెలటిన్ దిమ్మలో తూటా 12 నుంచి 18 అంగుళాలు దిగాలన్న కొలమానం వచ్చింది. పెద్ద తూటాలవైపు వెళ్లిన ఎఫ్‌బీఐ, తూటాల తయారీ మెరుగయ్యాక 2010 దశకంలో తిరిగి 9 ఎం.ఎం.కే వచ్చింది. పొట్టి బ్యారెల్ .380లో హాలో పాయింట్ చాలాసార్లు విచ్చుకోదు, విచ్చుకుంటే లోతుకి దిగదు. ఏది కొన్నా 200 మామూలు తూటాలు, వెంట ఉంచుకోబోయే రకంవి 50, ఒక్కసారి కూడా ఇరుక్కోకుండా పేలాలి. రోజూ రాత్రి ఖాళీ చేసి పొద్దున అదే తూటాని మళ్లీ ఛాంబర్‌లోకి ఎక్కిస్తుంటే, దాని గుండు కొంచెం కొంచెంగా లోపలికి దిగి పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. పక్కనున్న కొత్త తూటాతో పొడుగు పోల్చి చూడండి, తేడా ఉంటే పక్కన పడెయ్యండి.

ఎదురు వాదనలు

"ఇంట్లో పెట్టిన పెద్దదాని కంటే జేబులో ఉన్న చిన్నది మేలు కదా?" దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆగస్టులో 42 డిగ్రీల ఎండలో, పల్చటి టీషర్టులో, మధ్యరకం పిస్టల్ చిరాకే. రెండేళ్లు సాధన చేసినవాళ్లు అలాంటి రోజులకి జేబు పిస్టల్ పెట్టుకుంటే అభ్యంతరం లేదు, జేబులో కూడా హోల్‌స్టర్ ఉండాలి, ఆ జేబులో తాళాలు, చిల్లర ఉండకూడదు. నా అభ్యంతరం అదే మొదటిది, అదొక్కటే అయినప్పుడు. పేలిస్తే నొప్పి పుట్టే తుపాకీని ఎవరూ రేంజికి తీసుకెళ్లరు. ఏడాదికి యాభై తూటాలు కూడా కాల్చరు.

రెండో వాదన ఇంకా బరువైనది: అసలు ఎందుకు? అమెరికాలో తుపాకీ మరణాల్లో సగం కంటే ఎక్కువ ఆత్మహత్యలే. దుకాణంలో దొంగ వస్తాడని కొన్నది, ఇంట్లో కుంగిపోయిన టీనేజరు చేతికి అందితే? ఇంట్లో ఎవరైనా అలాంటి దశలో ఉంటే కొనకండి, ఉన్నది బయటికి పంపండి. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లలకి అందేలా తుపాకీ వదిలేసి, అది వాళ్ల చేతికి చిక్కితే నేరం కూడా.

లెక్క కాగితం మీద వేసుకోండి. పిస్టల్ 450 నుంచి 600 డాలర్లు, హోల్‌స్టర్ 80, బెల్టు 60, వేలితో నొక్కి తెరిచే సేఫ్ 150, మొదటి 500 తూటాలు 150 అటూ ఇటూ, క్లాసు విడిగా. తుపాకీకే వెయ్యి పెట్టి హోల్‌స్టర్‌కి ఇరవై మిగుల్చుకునేవాళ్లే కనిపిస్తారు. బెల్టు, హోల్‌స్టర్ ముందు తీసుకుని, అదే బరువున్న నీలం ప్లాస్టిక్ డమ్మీతో రెండు వారాలు తిరిగి చూడండి. ఆఫీసుకి, కాస్ట్‌కోకి, గుడికి. బడి ఆడిటోరియంలో జరిగే ఉగాది వేడుకకి వెళ్లినప్పుడు అసలైనది ఉంటే ఏం చేసేవాళ్లో కూడా ఆలోచించండి. ఆదివారం అద్దెకి తీసుకున్నా అది బడి భవనమే, లోపలికి తీసుకెళ్లకూడదు. కారు గ్లవ్ బాక్సులో వదిలితే అద్దం పగలగొట్టేవాడికి బహుమతి. కారు సీటు కింద తీగతో కట్టే చిన్న ఇనప పెట్టె ముప్పై డాలర్లు, దాన్నీ లెక్కలో కలపండి.

ఆ కాగితం చివర ఇంకో ఇరవై డాలర్లు రాసుకోండి, రేంజికి మాత్రమే వాడే సంచి కోసం. ల్యాప్‌టాప్ సంచిలోనే తూటాల పెట్టె వేసుకెళ్తే ఒకటి జారి అడుగు కుట్టులో ఇరుక్కుంటుంది. ఆరు నెలల తర్వాత అదే సంచితో హైదరాబాద్ వెళ్లి, తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో ఎక్స్‌రే బెల్టు మీద పెడతారు. తుపాకీ ఏడు సముద్రాల అవతల సేఫ్‌లో ఉన్నా, ఒక్క తూటాకి ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలిసి తెచ్చింది కాదని కోర్టులో తేలే అవకాశం ఉంది, కానీ ఆ రాత్రి విమానం మాత్రం వెళ్లిపోతుంది. సంచి ఎర్ర రంగుది కొనండి, పొరపాటున కూడా ఆఫీసుకి తీసుకెళ్లరు.